ఆరు సూత్‌ల తేడా: సైడ్‌కార్ తారీఖ్‌లో మా చిచ్చా

మొన్న బక్రీద్‌కి కర్నూలు వెళ్లినప్పుడు చిచ్చా కొడుకు నన్ను ఇంటి వెనకున్న రేకుల షెడ్డులోకి తీసుకెళ్లాడు. “భాయ్‌జాన్, గుజిరీవాడు రెండుసార్లు వచ్చి పోయాడు. కిలో లెక్కన తూకమేసి తీసుకుపోతానంటున్నాడు. మీరు సరేనంటే ఇచ్చేస్తా” అన్నాడు.

మూలన ఉన్నది సైడ్‌కార్. దాని పక్కన, దానికే బిగించి ఉన్న యెజ్దీ ఫ్రేము. ఇంజిన్ లేదు, పెట్రోల్ ట్యాంకు లేదు, సీటు లేదు. చక్రాలు మాత్రం మూడూ ఉన్నాయి, టైర్లు పగిలిపోయి. సైడ్‌కార్ తొట్టిలో పాత పరుపు దూది, పావురాల రెట్ట. అడుగున గోకితే 2009 వరద బురద ఇంకా రాలుతోంది.

పది రోజులు మోహలత్ అడిగాను. ఇరవై ఏళ్లు అఖ్బార్లలో పనిచేసిన మనిషిని. దేన్నైనా పారేసే ముందు దాని తారీఖ్ రాసి పెట్టుకోవాలనే జబ్బు ఉంది నాకు. మసీదుల తారీఖ్, దర్గాల తారీఖ్, నవాబుల తారీఖ్ ఈ బ్లాగులో చాలా రాశాను. గ్రీజు చేతుల తారీఖ్ ఒక్కసారీ రాయలేదు. మన ఇళ్లలో సగం మంది రోజీ అక్కడే ఉన్నా రాయలేదు.

ఇది ఎందుకు తయారైందో ముందు చెప్పాలి. మా ఫుప్పుకి మూడో ఏట పోలియో వచ్చింది. కుడికాలు సన్నబడిపోయింది. చదువులో చురుకు. ట్రైనింగ్ చేసి 1989లో హంద్రీ అవతల ఒక ఉర్దూ ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేరింది. ఇంటికీ స్కూలుకీ మూడు కిలోమీటర్లు. బస్సు మెట్టు ఎత్తు, ఎక్కలేదు. రోజూ రిక్షా అంటే జీతంలో పెద్ద ముక్క దానికే పోయేది. వానొస్తే రిక్షావాడు రాడు. చిచ్చా ఒకసారి తన బండి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఆ కాలికి ఫుట్‌రెస్ట్ మీద పట్టు లేదు. మలుపులో జారి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఆ రోజు పిల్లల ముందుకి మట్టి చీరతో వెళ్లాల్సి వచ్చిందని ఫుప్పు ఇప్పటికీ చెబుతుంది. “చోట్ నక్కో బోల్, షరమ్ బోల్” అంటుంది. దెబ్బ సంగతి కాదు, సిగ్గు సంగతి చెప్పమని.

చిచ్చా ఆమెకంటే ఆరేళ్లు చిన్న. ఏడో తరగతి ఆపేసి ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, పదేళ్లకి సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆ ముందటేడు చలికాలంలో జమాత్‌తో చిల్లాకి వెళ్లాడు, దిల్లీ నిజాముద్దీన్‌కి. తిరిగొచ్చాక దాదీకి చెప్పిన కబుర్లలో మర్కజ్ సంగతులు తక్కువ, చాందినీ చౌక్ దగ్గర చూసిన ఫట్‌ఫటీల సంగతులు ఎక్కువ. “దీన్ సీఖ్‌నే కూ గయా థా, ఫట్‌ఫటీ సీఖ్ కే ఆయా” అని దాదీ చచ్చేదాకా దెప్పింది. దీన్ నేర్చుకోవడానికి పోయి ఫట్‌ఫటీ నేర్చుకొచ్చాడట.

ఆ ఫట్‌ఫటీల కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పాత మోటార్‌సైకిళ్ల నుంచి పేదవాడి బండి తయారైన కథల్లో మన దేశంలో అంతకంటే పెద్దది నాకు తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో హార్లే డేవిడ్సన్ కంపెనీ డబ్ల్యూఎల్ఏ అనే ఫౌజీ మోటార్‌సైకిల్‌ను వేల సంఖ్యలో తయారుచేసింది. 740 సీసీ, ‘వి’ ఆకారంలో రెండు సిలిండర్లు. గేరు కాలితో కాదు, ట్యాంకు పక్కన ఎడమచేత్తో వేయాలి. యుద్ధం అయిపోయాక అలాంటి బళ్లు మన దేశంలో మిగిలిపోయి చవగ్గా అమ్ముడుపోయాయి. అంతలో 1947 వచ్చింది. పశ్చిమ పంజాబ్ నుంచి అన్నీ వదిలేసి దిల్లీ చేరినవాళ్లకి రోజీ కావాలి. దిల్లీకి బస్సులు చాలవు. మోటార్‌సైకిల్ వెనక సగం కోసి, దాని స్థానంలో రెండు చక్రాల బండి కట్టి, పైన టాపు వేసి, ఆరుగురికి తగ్గకుండా జనాన్ని ఎక్కించుకుని పాతదిల్లీకీ కనాట్ ప్లేస్‌కీ మధ్య తిప్పారు. చప్పుడే దాని పేరైంది. ఇంజిన్లు అరిగిపోయాక వాటిలో చాలావాటికి నీళ్లు తోడే రకం డీజిల్ ఇంజిన్లు బిగించారు. ముందు మూతి అమెరికాది, గుండె పొలం పంపుది, ఒళ్లు దిల్లీ వడ్రంగిది. యాభై ఏళ్లు నడిచాయి. తర్వాత దిల్లీ పొగ మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసు దెబ్బకి 1998లో రోడ్డు మీంచి తీసేశారు.

చిచ్చా అక్కడ రెండు మధ్యాహ్నాలు నిలబడి చూసి ఒక ఫైసలాకి వచ్చాడు. ఫట్‌ఫటీ పద్ధతి మనకి పనికిరాదు. దానికి బండిని కోయాలి. కోశాక అది మళ్లీ మోటార్‌సైకిల్ కాదు. మనకి పొద్దున ఆపాని స్కూల్లో దించాలి, పగలు అదే బండి మీద పనికి పోవాలి, సాయంత్రం మళ్లీ ఆపాని తేవాలి. కాబట్టి విప్పి బిగించుకునేదే కావాలి. అంటే సైడ్‌కార్.

కర్నూలులో అప్పటికి సైడ్‌కార్ అంటే జనానికి తెలిసింది ఒక్కటే, ‘షోలే’. 1975 నాటి ఆ సినిమాలో ఇద్దరు దోస్తులు పాట పాడుకుంటూ పోయిన బండి బీఎస్ఏ కంపెనీది, అదీ ఫౌజీ రకమే. మా బండి తయారై రోడ్డెక్కిన రోజు నుంచి దానికి ‘షోలే గాడీ’ అనే పేరు పడింది. ఫుప్పుకి ఆ పేరు నచ్చేది కాదు. టీచరమ్మ షోలే గాడీలో వస్తోందని పిల్లలు అరిస్తే బాగుంటుందా అని.

అసలు తారీఖ్ వెనక్కి పోతే ఇంకా వింతగా ఉంటుంది. 1903 జనవరిలో ఇంగ్లండ్‌లో ‘మోటార్ సైక్లింగ్’ అనే పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది, మోటార్‌సైకిల్ పక్కన కుర్చీ తగిలించినట్టు. నవ్వుకోవడానికి గీసిన బొమ్మ. మూడు వారాలు తిరక్కుండా గ్రాహం అనే ఆయనకి అదే ఆలోచన మీద తాత్కాలిక పేటెంట్ వచ్చింది. అంతకుముందు రెండో మనిషిని తీసుకెళ్లాలంటే ముందు తొట్టి కట్టేవారు, లేదా వెనక చిన్న బండి కట్టి లాగేవారు. ముందు కూర్చున్నవాళ్లకి ఏదన్నా తగిలితే మొదటి దెబ్బ వాళ్లకే. వెనక కూర్చున్నవాళ్లకి దుమ్మూ పొగా. పక్కన కూర్చుంటే మాట్లాడుకోవచ్చు. ఫుప్పు కూడా ఇదే చెప్పింది. ఇంట్లో జాయింట్ ఫ్యామిలీ గోలలో తమ్ముడితో నిమ్మళంగా మాట్లాడింది ఆ మూడు కిలోమీటర్లలోనేనట. మా అబ్బా నికాహ్ తర్వాత ఇంట్లో వచ్చిన తగాదాలన్నీ ఆ సైడ్‌కార్‌లోనే తీరాయని మా అమ్మీ అంటుంది. లేదా అక్కడే పుట్టాయని.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైడ్‌కార్ మీద మెషిన్‌గన్ ఎక్కించారు. రెండోదానిలో జర్మన్లు బీఎండబ్ల్యూ ఆర్75 అనే బండిలో పక్క చక్రానికి కూడా ఇంజిన్ బలం అందేట్టు చేశారు. ఆ ఫౌజీ కథలు వేరేవాళ్లు చాలా రాశారు, వదిలేస్తున్నా. నాకు ముఖ్యమైనది రెండు యుద్ధాల మధ్య స్టాక్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక ఇంటి గ్యారేజీ. విలియం వామ్స్‌లీ అనే కుర్రాడు మొదటి యుద్ధంలో వాడేసిన పాత మోటార్‌సైకిళ్లు కొని, బాగుచేసి, వాటికి అల్యూమినియం రేకుతో నున్నటి సైడ్‌కార్లు తయారుచేసి అమ్మేవాడు. వాళ్ల కుటుంబం బ్లాక్‌పూల్ అనే ఊరికి మారింది. అక్కడ ఆ వీధిలోనే ఉండే విలియం లయన్స్ అనే కుర్రాడు ఇతని సైడ్‌కార్ చూసి ముచ్చటపడ్డాడు. ఇద్దరూ కలిసి 1922లో స్వాలో సైడ్‌కార్ కంపెనీ పెట్టారు. ఇద్దరి తండ్రులూ బ్యాంకులో జమానత్ ఉంటే వెయ్యి పౌండ్ల అప్పు సౌకర్యం దొరికింది. సైడ్‌కార్ల నుంచి కార్ల ఒళ్లు, ఆ తర్వాత ఏకంగా కార్లు. 1945లో పేరు మార్చుకుని జాగ్వార్ అయింది. 2008 నుంచి అది మన టాటాల చేతిలో ఉంది.

ఇది చదివినప్పుడు ఆ ‘జమానత్’ దగ్గర ఆగిపోయాను. పనితనంలో మా చిచ్చా వాళ్లకి సాటి అని నేననడం లేదు, అంత మొహబ్బత్‌లో కళ్లు మూసుకోలేదు. కానీ పాత బండి, ఇంటి వెనక షెడ్డు, రేకు, సుత్తి, ఇవన్నీ రెండు చోట్లా ఉన్నాయి. సంతకం పెట్టే తండ్రి ఒక్కచోటే ఉన్నాడు. మా దాదా హయాంలో బ్యాంకు గుమ్మం తొక్కింది ఒక్కసారే, ఎవరికో దారి చూపించడానికి.

ఇక బండి తయారీ. చిచ్చా రెండు యెజ్దీలు కొన్నాడు. యెజ్దీ అంటే ఈ తరం పిల్లలకి చెప్పాలేమో. చెకోస్లొవేకియా జావా బండిని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసేది. 1970లలో దానికి యెజ్దీ అని పేరు మార్చారు. 250 సీసీ, టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు. కిక్ కొట్టే రాడ్డే ముందుకి వంచితే గేర్ రాడ్డు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చిచ్చా కొన్న రెండింటిలో ఒకటి లారీ కింద పడి ముందు ఫోర్కులు వంకరపోయింది. రెండోది ఇంజిన్ పట్టేసింది. ఒకదాని ఇంజిన్, రెండోదాని ఒళ్లు. రెండూ కలిపి పద్దెనిమిది వందలు. పక్క చక్రం బజాజ్ చేతక్‌ది, స్టెప్నీ చక్రం, పది అంగుళాలది. చిన్నది, గట్టిది, ఎక్కడ పంక్చరైనా ట్యూబు దొరుకుతుంది. సైడ్‌కార్ చట్రానికి నీళ్ల పైపు, మందం ఎక్కువున్న రకం. తొట్టికి ఇనుప రేకు. సీటు ఆటోది. గుంతల్లో ఎగరకుండా కింద ఒక పాత జీపు కమాను కట్టలోంచి తీసిన రెండు పట్టీలు. గ్యాస్ వెల్డింగ్ పక్క షెడ్డువాడు దోస్తీ మీద చేశాడు. మొత్తం ఖర్చు నాలుగు వేల మూడు వందలని ఫుప్పు లెక్క చెబుతుంది. అందులో మూడు వేలు ఆమె జీతం నుంచే వెళ్లాయి. ఇది తమ్ముడు అక్కకిచ్చిన ఖైరాత్ కాదు. ఈ మాట తప్పకుండా రాయమంది.

తొట్టికి ఎడమవైపు చిన్న తలుపు పెట్టాడు. కంపెనీ సైడ్‌కార్లు చాలావాటిలో కాలు ఎత్తి అంచు దాటి లోపలికి దిగాలి. ఫుప్పు ఆ కాలు ఎత్తలేదు. తలుపు తెరిస్తే నేల నుంచి జానెడు ఎత్తులో అడుగు పలక ఉండేట్టు తొట్టిని బాగా కిందికి దించాడు. తొట్టి లోపల ఊతకర్రకి రెండు కొక్కేలు.

మొదటి రోజు బండి గుంతలోకి పోయింది. ఫుప్పు లేదు లెండి, ఆమె బరువుకి సమానంగా ఇసుక బస్తా వేసి నడిపాడు. చిచ్చా మూడు చక్రాలనీ గుణియా పెట్టి సరిగ్గా సమానంగా, బండిని నిటారుగా బిగించాడు. మెకానిక్ కదా, తిన్నగా ఉంటే మంచిదనుకున్నాడు. బండేమో ఎడమకే లాగుతోంది. హ్యాండిల్‌ని ఎంత బలంగా పట్టినా ఎడమకే. ఎడమ పక్కన చక్రం, తొట్టి, మనిషి బరువు. ఇంజిన్ ఉన్నది కుడివైపు. ముందుకి పోదామని బండి లాగుతుంటే పక్కనున్న బరువు వెనక్కి పట్టుకుంటోంది.

దీనికి మందు వాళ్ల ఉస్తాద్ చెప్పాడు. ఆయన కుర్రతనంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. అంతా తిన్నగా ఉంటే బండి వంకరగా పోతుంది, కొంచెం వంకరగా కడితే తిన్నగా పోతుంది అన్నాడు. మూడు పనులు. ఒకటి, పక్క చక్రం ముందు వైపు కొద్దిగా బండి వైపు తిరిగి ఉండాలి. బండి చక్రాల పక్కన ఒక పొడుగాటి పలక, సైడ్‌కార్ చక్రం పక్కన ఇంకో పలక పెట్టి కొలిస్తే, వెనకకంటే ముందు ముప్పావు అంగుళం తక్కువ రావాలి. రెండు, బండి నిటారుగా కాకుండా తొట్టికి ఎదురు దిక్కుకి, అంటే కుడివైపుకి, కనీకనిపించకుండా వాలి ఉండాలి. మూడు, పక్క చక్రం ఇరుసు బండి వెనక చక్రం ఇరుసుకంటే ఓ ఆరు అంగుళాలు ముందుండాలి. ఇవి కంపెనీవాళ్ల పుస్తకాల్లోనూ ఉన్న సూత్రాలేనని తర్వాత చదివి తెలుసుకున్నా. మన షెడ్డుల్లో అవి నోటి మాటగా నడిచాయి.

ముప్పావు అంగుళాన్ని ఉస్తాద్ ‘ఛే సూత్’ అన్నాడు. మన మెకానిక్‌లకి, మేస్త్రీలకి అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. తెలుగు వడ్రంగులు దాన్నే నూలు అంటారు. ఉర్దూ సూత్ అన్నా దారమే, తెలుగు నూలు అన్నా దారమే. డిగ్రీలో తెలుగు మాస్టారికి ఈ సంగతి చెబితే ఎంత సంబరపడ్డారో. క్లాసులో అందరి ముందూ నన్ను నిలబెట్టి మళ్లీ చెప్పించారు. ఉర్దూ మీడియం నుంచి వచ్చి, వత్తులు తప్పుతూ సిగ్గుతో చచ్చిపోతున్న నాకు ఆ రోజు చిచ్చా షెడ్డు పనికొచ్చింది.

ఆరు సూత్‌లు తిప్పాక బండి దారిలోకొచ్చింది. అయినా అది మోటార్‌సైకిల్ నడిపినట్టు కాదు. ఒరగదు కదా, హ్యాండిల్ తిప్పాల్సిందే. యాక్సిలేటర్ పెంచితే ఎడమకి, బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమ మలుపు గట్టిగా తిప్పితే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకే ఫుప్పు లేనప్పుడు ఇసుక బస్తా ఎక్కేది. మేమూ ఎక్కేవాళ్లం, బస్తా బదులు. బరువు లాగడానికి ఇంజిన్ దగ్గరి స్ప్రాకెట్‌కి రెండు పళ్లు తగ్గించాడు. వేగం తగ్గింది, ఎత్తు మీద బలం వచ్చింది. నెల తర్వాత ఒక బిగింపు తెగింది. మూడు చోట్ల బిగించాడు, నాలుగు కావాలి. మెల్లగా పోతున్నారు కాబట్టి తొట్టి నేలకి ఒరిగిందే తప్ప ఫుప్పుకి ఏమీ కాలేదు, అల్‌హందులిల్లాహ్. ఆ రాత్రి చిచ్చా అన్నం తినలేదట. తెల్లారి ఫజర్ తర్వాత నాలుగో బిగింపు పెట్టి, విడిచిపెట్టిన చోటల్లా రెండో నట్టు ఎక్కించాడు.

అపాహిజ్ మనిషి కోసం సొంతవాళ్లు షెడ్డులో బండి కట్టడం మా ఇంట్లోనే జరిగిందనుకునేవాణ్ణి. కాదు. ఇంగ్లండ్‌లో బర్ట్ గ్రీవ్స్ అనే ఇంజినీరుకి డెరీ ప్రెస్టన్ కాబ్ అనే కజిన్ ఉండేవాడు, పుట్టుక నుంచి కాళ్లు చచ్చుపడిన మనిషి. గ్రీవ్స్ అతని చక్రాల కుర్చీకి చిన్న ఇంజిన్ బిగించాడు. అది చూసి యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకి కూడా పనికొస్తుందని ఇద్దరూ ఇన్వాకార్ అనే కంపెనీ పెట్టారు. అక్కడి సర్కారు 1948 నుంచి అలాంటి మూడు చక్రాల బళ్లు కొని వికలాంగులకి ఇచ్చింది. యాభై ఏళ్లు పైగా తిరిగాయి. భద్రత చాలదని 2003 మార్చి 31తో వాటిని రోడ్డు మీంచి ఆపేశారు. చెకోస్లొవేకియాలో స్ట్రాన్‌స్కీ అన్నదమ్ములిద్దరు పైపుల చట్రం మీద రేకు బదులు రెగ్జిన్ గుడ్డ కప్పి, గుండీలతో బిగించి, మూడు చక్రాల బండి తయారుచేశారు. అది తర్వాత వెలోరెక్స్ పేరుతో వేల సంఖ్యలో వికలాంగులకే ఎక్కువగా చేరింది. దానిలో ఉన్నది జావా ఇంజిన్. మా యెజ్దీకి దాదాలాంటిది. ఆ వెలోరెక్స్ వాళ్లే తర్వాత జావాలకి సైడ్‌కార్లూ చేశారు. చిచ్చాకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. చెప్పి ఉంటే ఎంత ఖుష్ అయ్యేవాడో.

వాళ్లకీ మాకూ తేడా పనిలో లేదు, కాగజ్‌లో ఉంది. మోటార్ వాహనాల చట్టం, 1988 నాటిది, 1989 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది. సరిగ్గా మా బండి తయారయ్యే కాలం. దాని సెక్షన్ 2(27) ప్రకారం మోటార్‌సైకిల్ అంటే రెండు చక్రాల వాహనం, విప్పదగిన సైడ్‌కార్ ఉంటే అదీ కలుపుకుని. అంటే సైడ్‌కార్ చట్టానికి పరాయిది కాదు. సెక్షన్ 52 ప్రకారం బండిలో మార్పు చేస్తే రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి మంజూరీ తీసుకోవాలి. చిచ్చా దరఖాస్తు పెట్టాడు. ఆ ఆఫీసులో ఒకాయన కంపెనీ రసీదు ఏదన్నాడు. ఇంకొకాయన ఇంజినీరు సర్టిఫికెట్ ఏదన్నాడు. మూడో ఆయన దేనికీ కాగజ్ అడగలేదు, వేరేది అడిగాడు. చిచ్చా ఇవ్వలేదు. ఆర్‌సీలో సైడ్‌కార్ ఎన్నటికీ ఎక్కలేదు. అప్పుడప్పుడూ ట్రాఫిక్‌వాళ్లు ఆపేవారు, జుర్మానా కట్టేవాడు. ఒకసారి ఫుప్పు తొట్టిలోంచే ఊతకర్ర బయటికి చాపి, “దీనికి కూడా రసీదు లేదు సార్, రాసుకోండి” అందట. ఆ కానిస్టేబుల్ నవ్వి వదిలేశాడు. అతని పిల్లలు ఆమె స్కూల్లో చదవలేదు గానీ తర్వాతి రంజాన్‌కి మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగి వెళ్లాడు.

ఇప్పుడైతే ఆ నవ్వు కూడా దొరకదు. 2000లో సెక్షన్ 52ని బిగించారు. కంపెనీ రాసిన దానికి భిన్నంగా బండి ఉండకూడదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాటని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో వికలాంగుల కోసం మార్చిన వాహనానికి ‘అడాప్టెడ్ వెహికల్’ అని ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. ఆ ఒక్క మాట 1989లో ఉంటే చిచ్చా చెప్పులు అరిగేవి కావు. చట్టం తప్పని నేను అనను. తెగిన బిగింపు సంగతి దాచకుండా రాశాను కదా. వెల్డింగ్ వచ్చిన ప్రతివాడూ రోడ్డు మీద ప్రయోగాలు చేస్తే ప్రాణాలు పోతాయి. కానీ బండిని తనిఖీ చేసి, ఈ నాలుగో బిగింపు పెట్టు అని చెప్పేవాడు ఆ ఆఫీసులో ఒక్కడు ఉండాల్సింది. ఆ మాట ఉస్తాద్ చెప్పాడు, సర్కార్ చెప్పలేదు.

ఇరవై ఏళ్లు నడిచింది ఆ బండి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. పాతబస్తీ ఇళ్లు మునిగిపోయాయి. మావాళ్లు మేడ మీద ఒక రాత్రంతా ఉన్నారు. నీళ్లు తీశాక చూస్తే షెడ్డులో బండి గోడకి ఆనుకుని, తొట్టి నిండా బురదతో ఉంది. ఆర్‌సీ పోయింది. చిచ్చా కొలతలు రాసుకున్న ఉర్దూ నోటుబుక్కు, అదీ పోయింది. ముద్దగా దొరికింది, సిరా అంతా కారిపోయి. అప్పటికి ఫుప్పుకి రిటైర్మెంట్ దగ్గరపడింది, ఆటోలు వచ్చేశాయి. చిచ్చా ఇంజిన్ తీసి అమ్మేశాడు. మిగతాది అమ్మలేదు. అడిగితే రేపు రేపు అనేవాడు. నాలుగేళ్లకి ఆయనే వెళ్లిపోయాడు, అల్లాహ్ మగ్ఫిరత్ కరే. ఆ మరుసటేడు, 2014 మార్చిలో, మన దేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఫుప్పు ఆ వార్త నా అఖ్బార్‌లోనే చదివి ఫోన్ చేసింది. “మై ఆఖ్రీ మోడల్ హూఁ” అని నవ్వింది.

పది రోజుల మోహలత్‌లో ఆరో రోజు ఆదివారం. చిచ్చా కొడుకూ నేనూ సైడ్‌కార్‌ని షెడ్డులోంచి బయటికి లాగాం. ఫుప్పు కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్క వీధి షెడ్డు కుర్రాడిని పిలిచాం, తను ఆటోలు రిపేరు చేస్తాడు. రెండు పొడుగాటి పలకలు తెచ్చి చక్రాల పక్కన పెట్టాడు. తుప్పు పట్టిన రిమ్ములు తిరగలేదు, ఉన్నచోటే కొలిచాం. నేను కాగితం మీద రెండు లిపుల్లోనూ రాసుకున్నా, ఈసారి ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నా.

ఇరుసు ముందుకి ఆరు అంగుళాల ఒక సూత్. బండి వాలు కుడివైపుకే, చిన్న గోళీ తాడు కట్టి వదిలితే కనిపించింది. పలకల మధ్య ముందు వైపు, వెనక వైపు రెండుసార్లు టేపు వేశాడు కుర్రాడు. “ఎంత తేడా?” అంది ఫుప్పు.

“ఆరు నూళ్లు, అమ్మా” అన్నాడు.

“ఛే సూత్” అని ఫుప్పు నా వైపు తిరిగి, గుజిరీవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పమంది.